అరచేతిలో సున్న

రెండు వందల ఏళ్ల కిందట ఆదోని సీమ వీధిబడుల్లో లెక్కలు ఎలా నేర్పేవారో ఓ కలెక్టరు రాసిపెట్టాడు. ఆ బళ్లు ఎందుకు చిక్కిపోయాయో కూడా.

పొద్దున్నే అందరికంటే ముందు బడికి చేరిన పిల్లవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు రాసేవాడు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవాడు. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. పదోవాడికి ఎనిమిది. కూడికలు, తీసివేతలు బడి గడప దగ్గరే మొదలయ్యేవన్నమాట.

బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ 1823 ఆగస్టు 17న మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలోని ముచ్చట ఇది. ఆదోని, ఎమ్మిగనూరు అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలులో కలిశాయి. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కుంపిణీకి వచ్చిన దత్తమండలాల్లోని ఊళ్లివి. ఆ మండలాలకు ఏడేళ్లు పెద్ద కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో మద్రాసు గవర్నరయ్యాక, 1822 జూన్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా బళ్ల లెక్క తీయమని ఉత్తర్వు వేశాడు. చాలామంది కలెక్టర్లు అంకెలు పంపి ఊరుకున్నారు. అప్పటికే తెలుగు వ్యాకరణం, నిఘంటువు అచ్చు వేయించిన క్యాంబెల్ మాత్రం బడి లోపల ఏం జరుగుతోందో కూడా రాశాడు.

కాలు, వీసం, ఇంకా కిందికి

పిల్లవాడు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తర్వాత పలక. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్కకు అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే పలక తయారు. లేదంటే కడితం. గుడ్డకు గంజిపెట్టి, పుస్తకంలా మడిచి, బొగ్గూ జిగురూ పట్టించేవారు. బలపంతో రాయడం, తడిగుడ్డతో చెరపడం. దాదాపు ఖర్చు లేని చదువు.

లెక్కల వరస ఇలా సాగేది. కూడిక ఎక్కం, ఒకటి నుంచి నూరు దాకా అంకెలు, డబ్బు లెక్కల్లో కూడికలు, తీసివేతలు, ఆపైన గుణకారం, కొలతల మార్పిడి. అన్నిటికంటే ఎక్కువ శ్రమ భిన్నాల మీద పెట్టేవారని క్యాంబెల్ ప్రత్యేకంగా చెప్పాడు. అవి పదేసి వంతులుగా కాక నాలుగేసి వంతులుగా దిగేవి. ఒకటిని నాలుగు చేస్తే కాలు. కాలును నాలుగు చేస్తే వీసం. అలా ఇంకా చాలా కిందికి పోయేవి.

ఎందుకు నాలుగు? చేతిలో తూకంరాయి లేకపోయినా తక్కెడ ఉంటే చాలు, సరుకును రెండు సమభాగాలు చేయొచ్చు. మళ్లీ సగం చేస్తే కాలు వస్తుంది. పదో వంతు అలా రాదు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి, సేరు రూపాయైతే వీసం సేరు అణా అని నోటితోనే తేలిపోయేది. మద్రాసు తూనికల్లో మూడు తులాలు పలం, ఎనిమిది పలాలు సేరు, ఐదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. బారువ పత్తిని వీశెల్లోకి మార్చాలంటే 160తో హెచ్చవేయాలి. తెలుగు నేతలో పడుగును పుంజాల్లో లెక్కపెడతారు. పుంజానికి 120 పోగులు. పత్తి పండే నేలకు, మగ్గాలాడే ఊళ్లకు ఎక్కాలు రోజువారీ పనిముట్లు.

రోజుకు రెండుసార్లు పిల్లలంతా వరసలు కట్టి నిలబడి, చట్టాంబిళ్ల (తరగతి పెద్ద) ఒకడు చెప్పిస్తే ఈ ఎక్కాలన్నీ వల్లించేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పుతూ తమ పాఠమూ గట్టిచేసుకునే ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. ఆండ్రూ బెల్ మద్రాసు అనాథాశ్రమ పాఠశాలలో దీన్ని ప్రయత్నించి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాక అక్కడ ‘మద్రాసు పద్ధతి’గా పేరుకెక్కింది. క్యాంబెల్ లోపాలూ దాచలేదు. అర్థం తెలియని వల్లింపు, చాలీచాలని చదువు ఉన్న పంతుళ్లు, కోదండం, గుంజీళ్ల లాంటి శిక్షలు అన్నీ రాశాడు.

మగ్గం చిక్కితే బడి చిక్కింది

జిల్లాలో బళ్లు 533. కన్నడం 235, తెలుగు 226, మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం, ఒకటి ఇంగ్లీషు. చదివేవారు 6,641 మంది. అందులో బ్రాహ్మణ బాలురు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174, ముస్లింలు 243. ఆడపిల్లలు అరవై మందే. జనాభా 9,27,857. భాగిస్తే దాదాపు 140 మందికి ఒకరు. మొత్తం ప్రెసిడెన్సీలో మన్రో తేల్చింది 1,28,50,941 మందికి 1,88,650 మంది, అంటే 68 మందికి ఒకరు. బళ్లారిలో చదివేవారి పాలు అందులో సగమే.

కారణం దేశం పేదబడడమేనని పద్ధతి చూసినవాడే అన్నాడు. ఇంగ్లండు నేత బట్టలు వచ్చిపడి ఇక్కడి చేతిపనివాళ్ల రాబడి పడిపోయింది. ఒకప్పుడు బడి ఉన్న చాలా ఊళ్లలో బడి లేదు, పెద్ద బళ్లలో కలిగినవాళ్ల పిల్లలు కొద్దిమందే మిగిలారు. కాళ్లూచేతులూ కాస్త ఆడగానే పిల్లలు పనిలోకి పోవాల్సి వస్తోంది. కుంపిణీ ఉద్యోగి కుంపిణీ బోర్డుకే ఈ మాట రాశాడు. పంతుళ్ల పరిస్థితీ అంతే. నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదని, ఆ జీతానికి తగినవాళ్లు రారని మన్రో 1826లో ఒప్పుకున్నాడు.

నేతగాడి రాబడి నిలబెట్టే ప్రయత్నం ఎమ్మిగనూరులో చాలా ఆలస్యంగా, 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టడంతో మొదలైంది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, ఆ వెనకే కిలోలు వచ్చి వీసం లెక్కలను బడి నుంచి సాగనంపాయి. వాటి కోసం బాధపడనక్కర్లేదు, పదుల లెక్క పిల్లలకు సులువు.

క్యాంబెల్ చెప్పిన రెండో సంగతి, పిల్లలు బడి మాని పనిలోకి పోవడం, మాత్రం పాతబడలేదు. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు పల్లెల్లో పనుల్లేని కాలంలో కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస పనులకు, పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, దూరపు ఊళ్లలో కట్టడాల పనులకు. చాలామంది పిల్లలూ వెంట వెళతారు. భాగహారమో భిన్నాలో బడిలో నడుస్తున్న నెలల్లో వాళ్లు కాయ కోస్తుంటారు, లేదా తమ్ముణ్ణి ఎత్తుకుని ఉంటారు. లెక్కల్లో ఒక మెట్టు తప్పితే పై మెట్టు అందదు. తిరిగొచ్చిన పిల్లకు లెక్కలు రావని రాసేముందు, ఆ ఏడాది ఆమె ఎన్ని నెలలు తరగతిలో కూర్చుందో లెక్కపెట్టాలి. వలస పిల్లల కోసం ఊళ్లోనే నడిపే సీజనల్ హాస్టళ్లు కుటుంబం బండెక్కే ముందే తెరుచుకోవాలి. ఆలస్యంగా తెరిస్తే అప్పటికి పిల్లలు ఊళ్లో ఉండరు.