మన తాలూకాలకు రాని తుపాకి



పాతకాలపు సైనికుల తుపాకులను సేకరించువారు లోకమున పెక్కుమంది కలరు. అందును, మాటిమాటికి మందు కూరనక్కఱలేక వరుసగా ప్రేలు పందొమ్మిదవ శతాబ్దపు తుపాకులన్న వారికి మిక్కిలి మక్కువ. నాకును ఆ పిచ్చి పట్టి, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో అట్టిదొక్కటియైన దొరకునాయని కొన్నేండ్లు తిరిగితిని. దొరకలేదు. అటకలమీదనుండి దింపి నాకు చూపినవన్నియు భర్మారులే.

భర్మారు సంగతి మీకు చెప్పనక్కఱలేదు. గొట్టపుమూతినుండి మందు పోయవలెను, పీచు కూరవలెను, గుండు వేయవలెను, గజముతో దట్టింపవలెను. దెబ్బ తప్పెనా, అడవిపంది మీదికి వచ్చులోపల రెండవ దెబ్బకు వ్యవధి యుండదు. 1860లో అమెరికాలో స్పెన్సరు అనునాతడు తుపాకి మడమలోనే యేడు తూటాలు నిలువయుంచు ఉపాయము కనిపెట్టెను. అదే యేట వచ్చిన హెన్రీ తుపాకిలో పదునైదు తూటాలు గొట్టము క్రింద బారులుదీరి యుండెడివి. 1861 మొదలు 1865 వఱకు అచ్చట జరిగిన అంతర్యుద్ధమున నీ రెండును ప్రేలినవి. స్విట్జర్లాండువారు 1869లో వెట్టర్లీ అను అట్టి తుపాకిని తమ సైన్యమునకు స్వీకరించిరి. ఇంగ్లీషువారు 1888లో గాని లీ-మెట్‌ఫర్డును చేపట్టలేదు.

మఱి మనకేల రాలేదు? 1857 తిరుగుబాటే కారణమని నా అభిప్రాయము. అటుపిమ్మట ఇంగ్లీషు ప్రభుత్వము నల్లసిపాయికి తెల్లసిపాయికన్న ఒక తరము వెనుకటి తుపాకినే యిచ్చుచు వచ్చెను. తెల్లవారు లీ-మెట్‌ఫర్డు పట్టినపుడు, మనవారి చేతికి ప్రతి తూటాకును తెఱచి మూయవలసిన మార్టినీ-హెన్రీ వచ్చెను. సిపాయికే యీయనిది రైతుకెవరిత్తురు?

దాని ఫలమును మన తాలూకాలే చూచినవి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖు మనుష్యుల తుపాకి గుండుకు నేలగూలినపుడు, ఊరేగింపువారి చేతులలో నుండినవి కఱ్ఱలు, వడిసెలలు. తరువాత దళములు భర్మారులతో మొదలుపెట్టి, ఎదుటివారినుండి లాగుకొన్న రైఫిళ్లవఱకు వచ్చినవి. 1948 సెప్టెంబరులో దిగిన యూనియను సైన్యము చేతిలో పదేసి తూటాల లీ-ఎన్‌ఫీల్డులుండెను. అయినను పోరాటము 1951 అక్టోబరు వఱకు సాగెను.

మానుకోట ప్రక్క నొక వృద్ధుడు, తన తండ్రి సోదాలకు వెఱచి ఇంటి తుపాకిని బావిలో వేసెనని చెప్పెను. మరమ్మతు చేసినను ప్రేలని పాత ఆయుధమునకు 1959 నాటి ఆయుధ చట్టము వర్తింపదని, ముందు ఠాణాలో చూపి పిమ్మట దాచుకొనవచ్చునని నేనంటిని. ఆయన నవ్వి నన్ను చేనిలోనికి తీసికొనిపోయెను. బావి పూడిపోయినది. దానిమీద పత్తి విరగబూసి యున్నది.