మదనపల్లెకు వచ్చిన టాగోర్, ఆయనతోపాటు రాని దయ్యాలు

మదనపల్లెకి, టాగోర్‌కి ఉన్న సంబంధం గురించి అడిగితే అందరూ చెప్పేది ఒకటే: జనగణమన. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న టాగోర్ ఇక్కడి బీటీ కాలేజీలో కొన్ని రోజులు ఆగాడు. అప్పుడు ప్రిన్సిపాల్ ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్. టాగోర్ ఆ పాటను పిల్లలకి పాడి వినిపించాడు, అక్కడే ఇంగ్లీషులో రాసిచ్చాడు. కజిన్స్ భార్య మార్గరెట్ దాని బాణీని స్వరాల్లో పెట్టింది. ఊరు ఈ మాట గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా.

కానీ ఆ గర్వం ఇంకో టాగోర్‌ని పూర్తిగా కప్పేసింది. మదనపల్లెకు వచ్చేనాటికి ఆయన వయసు 57. నోబెల్ వచ్చి ఆరేళ్ళవుతోంది. అంతకు చాలా ముందే, ముప్పయ్యో పడిలో, వరసగా దయ్యాల కథలు రాసిన మనిషి ఆయన. చచ్చిపోయాననుకునే ఆడమనిషి, రాత్రిపూట కబుర్లు చెప్పే అస్థిపంజరం, మనుషుల్ని మింగే మహలు, పేకముక్కలు కాపురముండే దీవి, ఇవన్నీ ఆ బుర్రలోంచి వచ్చినవే. మనలో చాలామంది టాగోర్‌ని 'గీతాంజలి'తో మొదలుపెట్టి, పది పేజీల తర్వాత భక్తిగా మూసేస్తాం. లేదంటే పాఠ్యపుస్తకంలో 'కాబూలీవాలా' దగ్గరే ఆగిపోతాం. అలా ఆగిపోయినవాళ్ళ కోసమే ఈ వ్యాసం.

ముందుగా 'క్షుధిత పాషాణ్' గురించి చెప్పాలి. 1895 నాటి కథ. ఇంగ్లీషులో 1916లో మాక్మిలన్ వేసిన కథల పుస్తకానికి దీని పేరే పెట్టారు. కథ చెప్పే మనిషి నిజాం కొలువులో పత్తి మీద సుంకం వసూలు చేసే ఉద్యోగి. ఊరవతల నది ఒడ్డున పాడుబడిన పాలరాతి మహల్లో దిగుతాడు. పగలు లెక్కలు, రసీదులు. చీకటి పడితే గజ్జెల చప్పుడు, అత్తరు వాసన, కనిపించీ కనిపించని ఆడవాళ్ళు. కొన్నాళ్ళకి పగటి ఉద్యోగమే అబద్ధమనిపించడం మొదలవుతుంది. టాగోర్‌కి పదిహేడేళ్ళప్పుడు, 1878లో, అహ్మదాబాద్‌లో జడ్జిగా ఉన్న అన్న సత్యేంద్రనాథ్ దగ్గర షాహీబాగ్ మహల్లో ఉన్నాడు. ఆ పాత గదుల జ్ఞాపకమే ఈ కథకి విత్తనం.

అయితే మదనపల్లె పాఠకులకి ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ కథంతా ఒక రైల్వే జంక్షన్లో, బండి కోసం కాచుకున్నవాళ్ళకి ఒక అపరిచితుడు చెప్పేది. రాత్రిపూట జోలార్‌పేటలో బండి కోసం కూచున్న కుప్పం వాళ్ళకి ఆ వాతావరణం వేరే వివరించక్కర్లేదు. వింటున్న ఇద్దరిలో ఒకాయన దివ్యజ్ఞాన సమాజం మనిషి. చెప్పేవాడికి ఏవో అతీంద్రియ శక్తులున్నాయని ఆయన నమ్మకం. రెండోవాడికి అదంతా ఉత్త బుకాయింపు. కథ మంచి పట్టులో ఉండగా రైలొస్తుంది. ఆ తర్వాత నమ్మినాయనకీ నమ్మనాయనకీ జన్మలో కలవనంతగా చెడుతుంది.

దివ్యజ్ఞాన సమాజీకుల్ని అలా సున్నితంగా ఆటపట్టించిన రచయిత, ఇరవై నాలుగేళ్ళ తర్వాత వాళ్ళ కాలేజీకే అతిథిగా వచ్చాడు. అనీబిసెంట్ పెట్టిన కాలేజీ అది. దీన్ని వైరుధ్యం అనుకోనక్కర్లేదు. కథలో టాగోర్ నమ్మినాయన పక్షమూ కాదు, కొట్టిపారేసినాయన పక్షమూ కాదు. 'దయ్యం ఉందా లేదా' అని ఇద్దరూ కొట్టుకుంటుంటే, ఆ మహల్లో నలిగిపోయిన ఆడవాళ్ళ కథ ఎవరికీ పూర్తిగా వినిపించకుండానే పోతుంది. అసలు నష్టం అదే.

ఆయన దయ్యాల కథలన్నిటికీ ఇదే తాళంచెవి. 'జీబితొ ఓ మృతొ' (1892) చూడండి. కాదంబిని అనే విధవరాలు చనిపోయిందనుకుని శ్మశానానికి తీసుకెళ్తారు. అక్కడ ఆమెకి స్పృహ వస్తుంది. తను దయ్యాన్నని తనే నమ్ముతుంది. స్నేహితురాలి ఇంటికి వెళ్తే అక్కడా ఇమడలేదు. నువ్వు బతికే ఉన్నావని ఒప్పుకునేవాళ్ళు ఒక్కరూ లేకపోతే బతికుండడం అంటే ఏమిటి? మొగుడు పోయాక అత్తింట్లో ఆమెకి ముందు మాత్రం ఏం చోటుంది కనక? 'కంకాళ్' (1892)లో వైద్యపాఠం కోసం గోడకి వేలాడదీసిన ఎముకల గూడు ఒక రాత్రి వచ్చి, తన అందం గురించి, తన ప్రేమ గురించి చెప్పుకుంటుంది. భయపెట్టదు. కాస్త గర్వంగా, కాస్త వెటకారంగా మాట్లాడుతుంది. వెన్ను జలదరించేది అందుకే.

నిజంగా భయపడాలనుంటే 'మణిహారా' (1898) చదవండి. నగల పిచ్చి ఉన్న భార్య, ఆమె కోసం రాత్రిళ్ళు కాచుకునే భర్త, మెట్లెక్కి వచ్చే చప్పుడు. చివర్లో కథ చెప్పినవాడి కాళ్ళకిందే నేల కదులుతుంది. సత్యజిత్ రాయ్ 1961లో 'తీన్ కన్యా'లో దీన్ని సినిమాగా తీశాడు. సినిమా తర్వాత చూడండి, ముందు కథ.

రాజకీయం కావాలంటే చిన్నవి రెండున్నాయి. 'తోతా కాహినీ' 1918 నాటిది, మదనపల్లెకు రావడానికి ఏడాది ముందు. రాజుగారు చిలక్కి చదువు చెప్పించాలనుకుంటాడు. బంగారు పంజరం వస్తుంది, పండితులు వస్తారు, మేనల్లుళ్ళు బాగుపడతారు. చిలక సంగతి మాత్రం అడక్కండి. కోచింగ్ సెంటర్లలో ఇంటర్ చదివిన తెలుగు పిల్లలకి దీనికి ఫుట్‌నోట్లు అవసరం లేదు. 1922లో 'లిపిక'లో చేరిన 'కర్తార్ భూత్' ఇంకా పదునైనది. ముసలి యజమాని చచ్చిపోబోతుంటే జనం, 'మరి మా గతేంటి' అని ఏడుస్తారు. సరే, దయ్యంగానైనా వీళ్ళ నెత్తిన ఉంటాడని దేవుడు వరమిస్తాడు. ఇక ఆలోచించే పని ఎవరికీ లేదు. కళ్ళు మూసుకుని నడిస్తే చాలు.

కాబట్టి నా వరస ఇది: మొదట కాదంబిని కథ, తర్వాత అస్థిపంజరం, మూడోది రాతి మహలు, ఆపైన 'మణిహారా'. చిలక, దయ్యం కథలు మధ్యలో ఎప్పుడైనా, ఒక్కోటి పది నిమిషాల పని. రచయిత 1941లో పోయాడు, మూలానికి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. 1916 నాటి ఇంగ్లీషు పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో మొదటిదీ మూడోదీ రెండూ ఉన్నాయి. ఆ అనువాదం కొంచెం బిగుసుకుపోయినట్టుంటుంది, ఓర్చుకోండి.

పుంగనూరు నుంచి కుప్పం దాకా ఒకే సంతలో తెలుగు, తమిళం, కన్నడం వినిపించే సీమ ఇది. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడం ఇక్కడ రోజువారీ పని. టాగోర్ తన పాటని ఇంకో భాషలోకి తెచ్చుకున్నది కూడా ఇక్కడే. ఆ దయ్యాలు ఈ సీమ యాసలో ఇంకా మాట్లాడవలసే ఉంది. చదివినవాళ్ళలో ఎవరో ఒకరు ఆ పని మొదలుపెడితే బాగుండు.