కాగితపు ఫైలు నుంచి ఉమ్మడి నమోదుకు

విజయవాడలో పటమట నుంచి బందరు రోడ్డు వెంట పోతే కానూరు దాటిన తరువాత తాడిగడప వస్తుంది. ఒకప్పుడు పొలాల నడుమ విడివిడిగా ఉన్న ఊళ్లివి. పటమట 1985లో నగరపాలక సంస్థలో కలిసింది. మిగిలిన ఊళ్లు కూడా క్రమంగా నగరానికి కొనసాగింపు వలె మారినవి. తాడిగడపలో 2011లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన విజయవాడ కేంద్రాన్ని నెలకొల్పింది. కృష్ణా డెల్టా పల్లెల నుంచి బస్సులలో వచ్చే రోగులు అక్కడ కంటి పరీక్ష చేయించుకొంటారు.

అట్లా వచ్చిన ఒక రైతుకు నీటికాసుల జబ్బు ఉన్నదనుకొందాం. ఈ జబ్బులో చాలమందికి కంటి లోపలి ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు అందించే దృష్టినాడి కొద్దికొద్దిగా చెడిపోతుంది. నొప్పి ఉండదు. ఎదురుగా ఉన్న వస్తువు బాగానే కనబడుతుంది. పక్కచూపు మాత్రం సన్నగిల్లుతూ వస్తుంది. పోయిన చూపును తిరిగి తెచ్చే మందు లేదు. ఉన్న చూపును కాపాడుకోవటమే చికిత్స.

డాక్టరు కొలిచి చూస్తే ఆ రైతు కంటి ఒత్తిడి 18 మిల్లీమీటర్లు ఉన్నది. సాధారణంగా ఈ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది కాబట్టి ఇది మంచి అంకే అనిపిస్తుంది. కాని నిరుడు అది 28 ఉండి, చుక్కల మందు వల్ల 18కి దిగి ఉంటే మందు పనిచేస్తున్నదన్న మాట. నిరుడు కూడా 18 ఉండి, ఈ లోగా పక్కచూపు మరింత తగ్గి ఉంటే, ఆ కంటికి 18 కూడ ఎక్కువేనన్న మాట. అంకె ఒక్కటే, అర్థాలు రెండు. ఏ అర్థం సరియైనదో చెప్పగలిగేది పాత కొలతల వరుస మాత్రమే. ఆ వరుస వేరొక ఊరి ఆసుపత్రి బీరువాలో ఉండిపోతే డాక్టరు నేర్పు సగం వృథా అవుతుంది.

రోగి చరిత్రను రోగితోపాటు నడిపించటం ఎట్లా అన్న ఈ ప్రశ్న కంప్యూటరు కంటె పాతది.

ఒక మనిషికి ఒకే నంబరు

ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఏ వైద్యుని ఖాతా పుస్తకం ఆయనదే. ఒకే రోగిని ముగ్గురు వైద్యులు చూస్తే అతని కథ మూడు పుస్తకాలలో మూడు ముక్కలై ఉండేది. 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే వైద్యుడు ఈ పద్ధతిని మార్చినాడు. ప్రతి రోగికి ఒక నంబరు, ఆ నంబరుకు ఒక ఫైలు. ఏ వైద్యుడు చూసినా అందులోనే వ్రాయాలి. యంత్రమేదీ లేకుండానే సాధించిన గొప్ప మార్పు ఇది. నేటి ఎలక్ట్రానిక్ నమోదులన్నిటికీ పునాది అక్కడే పడింది.

ఫైలు ఒక చోట చేరిన తరువాత అందులో ఏది ఎక్కడ వ్రాయాలి అన్న ప్రశ్న వచ్చింది. 1968లో లారెన్స్ వీడ్ అనే అమెరికా వైద్యుడు, తేదీల వరుసలో వ్రాసుకొంటూ పోవటం చాలదనీ, రోగికి ఉన్న ఒక్కొక్క సమస్యను పేర్కొని దాని కింద పరిశీలన, ఆలోచన, చికిత్స విడివిడిగా వ్రాయాలనీ ప్రతిపాదించినాడు. ఇంచుమించు అదే కాలంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో వైద్య సమాచారాన్ని నిలవ చేయటానికి మంప్స్ అనే కంప్యూటరు భాష తయారయింది. అమెరికా ప్రభుత్వం మాజీ సైనికుల కోసం నడిపే ఆసుపత్రులు 1980ల నుంచి ఈ భాషలో వ్రాసిన ఉమ్మడి నమోదు పద్ధతిని వాడుకలోకి తెచ్చినవి. ఒకే ఆసుపత్రికి ప్లమ్మర్ చేసిన పనిని అనేక ఆసుపత్రులకు కలిపి చేయవచ్చునని దీనితో రుజువయింది.

గోపురం వంటి ఏర్పాటు

మన ప్రాంతంలో ఇటువంటి ప్రయత్నానికి చెప్పుకోదగిన ఉదాహరణ పైన పేర్కొన్న నేత్ర వైద్య సంస్థే. కృష్ణా జిల్లాలో పుట్టి, గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో పనిచేసి వచ్చిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో దీనిని ప్రారంభించినారు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో జన్మించిన ప్రసిద్ధ చలనచిత్ర దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ స్థలమూ విరాళమూ ఇచ్చినందున సంస్థకు ఆయన పేరు పెట్టినారు. 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో మొదటి గ్రామీణ కేంద్రం వెలసింది. 2006లో విశాఖపట్నం, భువనేశ్వర్ కేంద్రాలు, 2011లో విజయవాడ కేంద్రం చేరినవి.

ఈ ఏర్పాటు గోపురం వంటిది. అడుగున, సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున దృష్టి కేంద్రాలు. అక్కడ శిక్షణ పొందిన సాంకేతికుడు చూపు పరీక్షించి కళ్లద్దాలు ఇస్తాడు. పైన, శుక్లం ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రులు. ఆపైన, కఠినమైన జబ్బులకు పెద్ద ఆసుపత్రులు. రోగి ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పోవలసి ఉంటుంది. చికిత్స అయిన తరువాత మళ్లీ తన ఊరి దగ్గరి మెట్టుకు రావాలి. రోగి ఎక్కి దిగుతుంటే ఫైలు ఒకే మెట్టు మీద కూర్చుంటే ఈ గోపురానికి అర్థమే లేదు.

2010లో ఈ సంస్థ తన అవసరాలకు తగినట్లు తానే తయారు చేసుకొన్న ‘ఐస్మార్ట్’ అనే ఎలక్ట్రానిక్ నమోదును వాడటం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, కర్ణాటకలలోని కేంద్రాలకు అది క్రమంగా విస్తరించింది. మొదటి ఎనిమిది సంవత్సరాలలోనే 20 లక్షలకు పైగా రోగుల వివరాలు అందులో చేరినవి.

కష్టం యంత్రంలో లేదు

కంప్యూటర్లు కొని తీగెలు కలిపితే ఉమ్మడి నమోదు సిద్ధమవుతుందని అనిపిస్తుంది. ఏ ఆసుపత్రిలోనైనా నిజమైన కష్టం అక్కడ లేదు. మొదటి కష్టం పేరు. మన పల్లెలలో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో అనేకులు ఉంటారు. సుబ్బారావు అనే పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఒకరు ఒక విధంగా, మరొకరు ఇంకొక విధంగా వ్రాస్తారు. వయస్సు అడిగితే ‘అరవై ఉంటాయి’ అంటారు. అందువల్ల ఒకే మనిషికి రెండు నంబర్లు పడవచ్చు. ఇద్దరు మనుషులు ఒకే నంబరు కింద చేరవచ్చు. మొదటి తప్పు వల్ల చరిత్ర చీలిపోతుంది. రెండవ తప్పు ఇంకా ప్రమాదకరం: ఒకరికి పడని మందు మరొకరి పేరున నమోదవుతుంది.

రెండవ కష్టం మాట. కాగితం మీద ఒక డాక్టరు ‘శుక్లం’ అని వ్రాస్తాడు, ఇంకొకరు పొడి అక్షరాలు వ్రాస్తాడు, మరొకరు కన్ను బొమ్మ గీసి మధ్యలో మచ్చ పెడతాడు. చదివేవాడు డాక్టరయితే మూడూ ఒకటేనని గ్రహిస్తాడు. కంప్యూటరు గ్రహించలేదు. కుడికన్నా ఎడమకన్నా, శుక్లం ఏ రకమైనది, ఏ దశలో ఉన్నది అన్నవాటిని ముందే నిర్ణయించిన పట్టిక నుంచి ఎన్నుకొంటే తప్ప లెక్క కుదరదు. మరణ కారణాలకు అన్ని దేశాలలో ఒకే పేర్లు ఉండాలని 1893లో జాక్ బెర్తియాఁ ప్రతిపాదించిన జాబితాయే పెరిగి, నేటి అంతర్జాతీయ రోగ వర్గీకరణ అయింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య నమోదులకు ప్రమాణాలు ప్రకటించి, 2016లో వాటిని సవరించింది. వీటి ఉద్దేశం కూడ అదే: ఇద్దరు డాక్టర్లు ఒకే జబ్బును ఒకే మాటతో చెప్పటం.

మూడవది, పల్లెలో కరెంటూ ఇంటర్నెట్టూ ఎల్లవేళలా ఉంటాయన్న నమ్మకం లేకపోవటం. అందుకే దృష్టి కేంద్రాల కోసం టాబ్లెట్‌లో పనిచేసే పద్ధతి తయారయింది. ఇటువంటి పద్ధతిలో సాంకేతికుడు నమోదు చేసిన వివరాలు మొదట ఆ పరికరంలోనే నిలవ ఉంటాయి. తీగె కలిసినప్పుడు ప్రధాన కేంద్రానికి చేరుతాయి. నగరంలోని డాక్టరు వాటిని, కంటి ఫోటోను చూసి, రోగి రావలసిన అవసరం ఉన్నదా లేదా అని చెప్పగలుగుతాడు. అక్కరలేదని తేలితే ఆ రోగికి బస్సు చార్జీ, ఒకరోజు కూలి మిగులుతవి.

లాభంతోపాటు చెల్లించవలసినది

ఈ మార్పు ఉచితంగా రాలేదు. కలంతో రెండు గీతలు గీసిన చోట డాక్టరు ఇప్పుడు అనేక గడులు నింపాలి. ఆ సమయమంతా అతని చూపు రోగి ముఖం మీద గాక తెర మీద ఉంటుందన్న ఫిర్యాదు ప్రపంచమంతటా ఉన్నది. కాగితపు ఫైలు పోతే ఒక రోగి కథ పోతుంది. ఉమ్మడి నమోదు తాళం తప్పు చేతిలో పడితే లక్షలమంది రహస్యాలు ఒక్క రాత్రిలో బయటపడతాయి. యంత్రం ఆగిన రోజున కాగితం మీద పని నడిపే ఏర్పాటు కూడా ఉండవలసిందే.

2020 ఆగస్టు 15న కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగంగా మొదలై, 2021 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ భయాన్ని దృష్టిలో పెట్టుకొన్నది. పౌరునికి 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఇస్తారు. అయితే చరిత్రలన్నిటినీ ఒకే గోదాములో పోయరు. ఏ ఆసుపత్రిలో వ్రాసినది ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. రోగి సమ్మతించినప్పుడే మరొకరికి అందుతుంది. ప్లమ్మర్ ఒక కట్టడంలో ఇచ్చిన నంబరును ఇక్కడ ఒక దేశమంతటికీ ఇవ్వబూనినారు. పాత ఫైలు మీద హక్కు ఆసుపత్రిదిగా ఉండేది. ఈ పద్ధతిలో తెరవటానికి ‘సరే’ అనవలసినది రోగి. అయితే ఆ ‘సరే’ అనే మాట దేనికో అతనికి తెలుగులో, అర్థమయ్యేటట్లు ఎవరో ఒకరు చెప్పాలి.

తాడిగడపకు వచ్చిన ఆ రైతు ఇవేవీ ఎరగడు. తన ఊరి దగ్గరి కేంద్రంలో నిరుడు కొలిచిన అంకె డాక్టరు ముందు తెర మీద ఈనాటి అంకె పక్కన కనబడితే, ఆ చుక్కల మందునే కొనసాగించాలా, మార్చాలా అన్నది అప్పటికప్పుడు తేలుతుంది. కనబడకపోతే మళ్లీ ఒక సంవత్సరం ఆగి చూడవలసి వస్తుంది. నీటికాసుల జబ్బు మాత్రం ఆ సంవత్సరం ఆగదు.