గాలిమర వచ్చే ముందు ఊరికి చూపించారా?

పోయిన ఎపిసోడ్‌లో కేసీ కాలువ కథ చెప్పుకున్నాం. ఈ రోజు నీళ్ళ సంగతి కాదు, గాలి సంగతి.

మాది రుద్రవరం. మిద్దె ఎక్కి తూర్పుకు చూస్తే నల్లమల. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన చూపు అదే. నంద్యాల దాటి పడమరకు, బేతంచర్ల వైపు పోతే ఎర్రమల గట్లు వస్తాయి. అక్కడ చూపు వేరు. గట్ల మీద తెల్లగా గాలిమరలు తిరుగుతుంటాయి. మావాళ్ళు గాలిమరలు అనరు, 'ఫ్యాన్లు' అంటారు.

మా మేనమామది ఆ వైపు ఊరే. ఊరి పేరు చెప్పను. పోయిన ఎండాకాలం ఫోన్ చేసినాడు. "అల్లుడా, ఫ్యానోళ్ళు వచ్చినారు. చేను లీజుకు ఇమ్మంటున్నారు. కాయితాలు ఇచ్చిపోయినారు, అంతా ఇంగ్లీషే. నువ్వొచ్చి చదివి చెప్పు" అన్నాడు.

పోయినా, చదివినా. లీజు ఎన్నేళ్ళు, ఏడాదికి ఎంత, అన్నీ ఉన్నాయి. వెనకాల ఒక మ్యాపు. గీతలు, చుక్కలు, నంబర్లు. మామ ఆ మ్యాపును అటు తిప్పి ఇటు తిప్పి చూసి ఒక మాట అడిగినాడు. "లెక్కంతా సరే అల్లుడా. మన గడపలో నిలబడితే అది ఎంత కనపడతాది? గొర్రెలు పోయే దారి ఉంటాదా, పోతాదా? ఆ మాట దీన్లో యాడుంది?"

ఆ మాట అందులో ఎక్కడా లేదు. ఎందుకు లేదో తెలుసుకుందామని మొదలుపెడితే, కథ నన్ను 1882 దాకా తీసుకుపోయింది. అందుకే ఈ ఎపిసోడ్.

మా రుద్రవరం నుంచే మొదలుపెడతా. అప్పుడు మాది మద్రాసు ప్రెసిడెన్సీ, సిరివెళ్ళ తాలూకా. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నల్లమల లాంటి అడవులకు గీత గీసి 'రిజర్వు ఫారెస్టు' చేసింది ఆ చట్టమే. కానీ అందులో ఒక నియమం ఉంది. ఫలానా భూమిని రిజర్వు చేయబోతున్నాం, ఎల్లలు ఇవీ అని చుట్టుపక్కల ఊళ్ళలో ముందుగా ప్రకటన వెయ్యాలి. హక్కున్నోళ్ళు వచ్చి చెప్పుకోవడానికి కనీసం 3 నెలల గడువు ఇవ్వాలి. దాన్ని విచారించడానికి ఒక అధికారి ఉండాలి.

తెల్లదొరలు మంచోళ్ళని చెప్పడం లేదు. ప్రకటన గోడకు అంటించినంత మాత్రాన పశువులు కాసుకునే మనిషికి ఏం అర్థమవుతుంది? ఎల్ల అంటే కాయితం మీద నాలుగు దిక్కుల పేర్లు. ఆ గీత తన దారిని ఎక్కడ కోస్తుందో అడవిలో రాయి పాతినాక గానీ తెలీదు. ఊరికి చెప్పినారు, కానీ చూపించలేదు.

ఈ కథ మొత్తంలో మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. చెప్పడం ఒకటి, చూపించడం ఇంకొకటి, అడగడం మూడోది. మూడూ ఒకటి కాదు.

ఇక మన కాలానికి వద్దాం. 1994లో కేంద్రం పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ తెచ్చింది. పెద్ద ప్రాజెక్టు కట్టే ముందు దాని వల్ల ఏం జరుగుతుందో లెక్క వెయ్యాలని. 1997లో దానికి ప్రజాభిప్రాయ సేకరణ జోడించారు. 2006 సెప్టెంబర్ 14న కొత్త నోటిఫికేషన్ వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ, గని, డ్యామ్ లాంటివి వస్తే జిల్లాలో సభ పెట్టాలి, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రిపోర్టు సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. టెంటు వేసి, కలెక్టరాఫీసు వాళ్ళు కూర్చుని, ఊరివాళ్ళు మైకులో మాట్లాడే సభలు మీరూ చూసే ఉంటారు.

ఏ ప్రాజెక్టులకు ఇది వర్తిస్తుందో ఒక జాబితా ఉంది. అందులో గాలిమరలు లేవు. పొగ రాదు, బూడిద రాదు, బొగ్గు తవ్వక్కర్లేదు, శుభ్రమైన కరెంటు. కాబట్టి సభ అక్కర్లేదు. అదీ ఆలోచన.

దీనికి మన జిల్లా పక్కనే మంచి ఉదాహరణ ఉంది. పిన్నాపురం ప్రాజెక్టు. 2022 మే 17న ఓర్వకల్లు మండలం గుమ్మటం తండా దగ్గర శంకుస్థాపన జరిగింది. మొత్తం 5,230 మెగావాట్లు. 3,000 సోలార్, 550 గాలి, 1,680 నీళ్ళను పైకి ఎక్కించి కిందికి వదిలే జలవిద్యుత్. ఇందులో నీళ్ళ భాగం ఆ జాబితాలోకి వస్తుంది. గాలి భాగం రాదు. అవే ఎర్రమల గట్లు, అవే ఊళ్ళు. నీళ్ళకైతే అడగాలి, గాలికైతే అక్కర్లేదు!

మరి భూసేకరణ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 2013లో వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సామాజిక ప్రభావ అంచనా, ప్రజల మాట వినడం, అన్నీ ఉన్నాయి. కానీ అది సర్కారు భూమి సేకరించినప్పుడు. కంపెనీ నేరుగా మా మామతో లీజు రాసుకుంటే ఆ తలుపు తెరుచుకోదు. 2016లో కేంద్రం గాలిమరలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇళ్ళకు 500 మీటర్ల దూరం ఉండాలనేది వాటిలో ఒకటి. దూరం కొలవమన్నారు, మంచిదే. చూపించమని, అడగమని మాత్రం సభ పెట్టలేదు.

అడక్కపోతే ఏమవుతుంది? దీనికి మన రాయలసీమలోనే జవాబు ఉంది. కల్పవల్లి.

చెన్నేకొత్తపల్లి వైపు, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. రెవెన్యూ రికార్డుల్లో ఆ గుట్టలు బంజరు. 1990ల మొదట్లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాటిని కాపాడటం మొదలుపెట్టారు. నిప్పు పడకుండా చూసుకున్నారు, విత్తనాలు చల్లారు, కాపలా కాశారు. ఇరవై ఏళ్ళకు వేల ఎకరాల్లో అడవి తిరిగొచ్చింది. గొర్రెలకు మేత, కొట్టాలకు బోద గడ్డి, బుట్టలకు, పొరకలకు ఈతాకు. తోడేళ్ళు, కృష్ణజింకలు కూడా వచ్చాయి.

తర్వాత ఆ గుట్టల మీదికి నల్లకొండ గాలి విద్యుత్ ప్రాజెక్టు వచ్చింది. 50.4 మెగావాట్లు. రికార్డులో బంజరే కదా! కాపాడినవాళ్ళ పేరు ఆ కాయితంలో లేదు. ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. గాలిమర నిలబడే చోటు చిన్నదే. కానీ దాని రెక్క ఒకే ముక్కగా ట్రాలీ మీద రావాలి. అంటే గుట్ట మీదికి వెడల్పాటి రోడ్డు, పెద్ద పెద్ద మలుపులు, క్రేన్ నిలబడడానికి చదును చేసిన జాగా. గుట్టను తొలిస్తే ఆ మట్టి వానకు వంకల్లోకి దిగుతుంది. ఊరివాళ్ళు కోల్పోయినామన్నది ఎక్కువగా ఈ రోడ్ల వల్లే. గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది.

ఆలోచించండి. రోడ్లు ఎక్కడెక్కడ పోతాయో ముందే గుట్ట బొమ్మ మీద గీసి ఆ కాపరులకు చూపించి ఉంటే? ఈ వంక మీద వద్దు, ఆ పక్కన పాత బండిదారి ఉంది అని వాళ్ళే చెప్పేవాళ్ళేమో. ఇరవై ఏళ్ళు ఆ గుట్టల్లో తిరిగిన మనిషికి నీళ్ళు ఎటు దిగుతాయో తెలియదా?

ఇంకో పక్క, గాలిని మాత్రం బాగా అడిగినారు. అన్నా మణి అనే శాస్త్రవేత్త పేరు విన్నారా? 1918లో కేరళలో పుట్టినారు. దేశంలో ఎక్కడ ఎంత గాలి వీస్తుందో లెక్కలు కట్టి 1983లో పుస్తకం తెచ్చినారు. 2010లో చెన్నైలోని గాలి శక్తి సంస్థ, డెన్మార్క్‌లోని రీసో ప్రయోగశాల కలిసి దేశం మొత్తానికీ గాలి అట్లాస్ వేసినాయి. గాలిమర పెట్టే ముందు స్తంభాలు పాతి గాలిని నెలల తరబడి కొలుస్తారు. గాలికి అంత ఓపిక చూపిస్తాం, ఊరికి ఒక్క సాయంత్రం ఇవ్వలేమా?

అదే డెన్మార్క్‌లో ఇంకో కథ ఉంది. రాజధాని కోపెన్‌హేగన్ ఎదురుగా సముద్రంలో మిడెల్‌గ్రుండెన్ అనే చోట గాలిమరలు పెట్టాలనుకున్నారు. మొదటి ప్లాన్ 27 గాలిమరలు, మూడు వరసలు. 1997లో జనం ముందు పెట్టినారు. ఒడ్డు నుంచి చూస్తే ఎట్లా ఉంటుందో బొమ్మలు చూపించినారు. మూడు వరసలు గజిబిజిగా ఉన్నాయని అభ్యంతరాలు వచ్చినాయి. అప్పుడు ప్లాన్ మార్చినారు. 20 గాలిమరలు, ఒకే వరస, కొంచెం వంపుగా. 2000లో కట్టడం పూర్తయింది. 40 మెగావాట్లు. అందులో సగం ఒక సహకార సంఘానిది, సుమారు 8,500 మంది సభ్యులది. చూపించినారు, అడిగినారు, జవాబు విని మార్చినారు, వాటా కూడా ఇచ్చినారు. 2008లో అక్కడ చట్టమే చేసినారు. కొత్త గాలిమర వస్తే కనీసం 20 శాతం వాటాలు స్థానికులకు అమ్మడానికి పెట్టాలని.

వాళ్ళది ధనిక దేశం, మనకెట్లా కుదురుతుంది అంటారా? డబ్బు సంగతి వేరు. బొమ్మ చూపించడానికి పెద్ద ఖర్చేం కాదు. కానీ బొమ్మలో మోసం కూడా ఉంటుంది. మీ అందరి చేతిలో ఫోనుంది కదా, ఒక పని చెయ్యండి. దూరంగా ఉన్న కొండను మామూలు కెమెరాతో ఫోటో తియ్యండి. కంటికి పెద్దగా కనపడే కొండ ఫోటోలో చిన్నగా అయిపోతుంది. ఫోన్ లెన్సు వెడల్పుగా చూస్తుంది కాబట్టి. అలాంటి ఫోటోలో గాలిమర అతికిస్తే అగ్గిపుల్లంత కనపడుతుంది. స్కాట్లండ్‌లో ఇదే గొడవ అయ్యి, ఏ లెన్సు వాడాలి, బొమ్మ ఎంత పెద్దగా ఉండాలి అని 2014లో, మళ్ళీ 2017లో నియమాలు సవరించినారు.

అందుకే ఫోటో కంటే ముందు మన చెయ్యి ఉంది. ఇప్పుడొచ్చే గాలిమరలు రెక్క కొస దాకా 200 మీటర్లు కూడా ఉంటున్నాయి. చార్మినార్ 56 మీటర్లు. అంటే మూడున్నర చార్మినార్లు ఒకదాని మీద ఒకటి. మీ గడపలో నిలబడి చెయ్యి పూర్తిగా చాపి, బొటనవేలు పైకి ఉండేటట్టు పిడికిలి పట్టండి. 200 మీటర్ల గాలిమర కిలోమీటరు దూరంలో ఉంటే సుమారుగా ఆ పిడికిలి ఎత్తు కంటే కొంచెం ఎక్కువ కనపడుతుంది. 2 కిలోమీటర్లయితే అడ్డంగా పెట్టిన మూడు వేళ్ళంత. 5 కిలోమీటర్లయితే అడ్డంగా పెట్టిన బొటనవేలంత. అంతే లెక్క.

మామ గడపలో మేం చేసింది ఇదే. మ్యాపులో చుక్క ఎక్కడుందో గూగుల్ ఎర్త్‌లో పెట్టి దూరం చూసినాం. కిలోమీటరున్నర. మామ చెయ్యి చాపి చూసి, "ఓ... ఇంతనా" అన్నాడు. భయపడలేదు, సంతోషపడలేదు. తెలిసింది, అంతే. ఆ తర్వాత రచ్చబండ దగ్గర నలుగురం కూర్చుని నేల మీద సుద్దతో గుట్ట గీసినాం, మ్యాపులోని రోడ్డు గీసినాం. గొర్రెలు కాసే ఒక అవ్వ వచ్చి చూసి, కట్టెతో ఒక గీత గీసింది. "ఇది వంక. చెరువుకు నీళ్ళు దీన్లోనే వస్తాయి. మీ రోడ్డు దీన్ని తొక్కుతాంది" అనింది. ఇంగ్లీషు కాయితం చదివిన నాకు అది కనపడలేదు. ఆమెకు ఒక్క నిమిషంలో కనపడింది.

మా మామ గాలిమరలు వద్దనే మనిషి కాదు. వాన లేని చేనికి ఏటా లీజు డబ్బులు వస్తే ఎవరు కాదంటారు? కరెంటు కావాలి, బొగ్గు తగ్గాలి, అదీ నిజమే. ఆయన అడిగింది ఒక్కటే. సంతకం పెట్టే ముందు చూపించండి, చూసినాక మేం చెప్పింది వినండి అని.

చట్టం సభ పెట్టమని చెప్పకపోయినా, ఊరు సభ పెట్టుకోకూడదని కూడా చెప్పలేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను మన చేతిలో పెట్టింది. కంపెనీవాళ్ళను గ్రామసభకు పిలవచ్చు. నాలుగు ప్రశ్నలు అడగండి. గాలిమర ఎత్తెంత, మా ఇళ్ళకు దూరమెంత? రోడ్డు ఏ దారిన పోతుంది, ఏ వంక దాటుతుంది? మా బడి దగ్గర నుంచి, మా గుడి దగ్గర నుంచి చూస్తే ఎట్లా ఉంటుందో బొమ్మ ఏది? మేం వద్దన్న చోటు నుంచి జరుపుతారా? బొమ్మ ఎక్కడి నుంచి తియ్యాలో మీరే చెప్పండి. వాళ్ళు ఎంచుకున్న చోటు నుంచైతే ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ముఖ్యంగా, రోడ్డు పని మొదలుకాక ముందే అడగండి. మొదలైనాక పెట్టే సభలో వాళ్ళు అడగరు, చెప్పిపోతారు.

మామ ఊళ్ళో ఆ ప్రశ్నలు తెలుగులో రాసి పంచాయతీలో ఇచ్చినారు. వంక మీద గీసిన అవ్వ గీతను కూడా ఫోటో తీసి జతచేసినారు. జవాబు కోసం చూస్తున్నారు. కాయితాలు దూలం మీద ఉన్నాయి. మామ సంతకం ఇంకా పెట్టలేదు.

మీ ఊరి దగ్గర గట్టు ఉంటే, ఈ సాయంత్రం ఒకసారి గడపలో నిలబడి పిడికిలి చాపి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.