‘హమారా’ అంటే మాదా, మనదా?

ఈ యేటి సంచికకు చరిత్ర విషయం యేదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరినారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర పెద్దలు చాలామంది వ్రాసినారు. మేము ఒక పాట చరిత్ర వ్రాయదలచినాము. ఆ పాట మీకందరికీ వచ్చు, మీ పిల్లలకూ వచ్చు. అయితే నోటికి వచ్చినంత మాత్రాన అర్థమైనట్టు కాదని మాకు ఈమధ్యనే తెలిసివచ్చింది.

అది అల్లామా ఇక్బాల్ గారి ‘తరానా-ఎ-హిందీ’. జనం ‘సారే జహాఁ సే అచ్ఛా’ అంటారు. ఇక్కడ హిందీ అంటే భాష కాదు, హింద్ దేశపు మనిషి అని అర్థం. ఆ మాటే మా క్లాసులో సగంమందికి తెలియదు.

ఆగస్టు 15 పండుగకు మా ఉర్దూ మీడియం పిల్లలు పాట పాడాలని, తెలుగు మీడియం పిల్లలకు దాని అర్థం చదివి వినిపించాలని నిర్ణయమైంది. అర్థం వ్రాసే పని మాకు వచ్చింది. రాత్రి కూర్చుని వ్రాసి, తప్పులు దిద్దమని మా తెలుగు పండితులు గారికి యిచ్చినాము. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, “మాస్టారూ, అంతా బాగానే వుంది గానీ, ప్రతిచోటా ‘మా దేశం, మా తోట, మా కావలివాడు’ అని వ్రాశారే. ‘మా’ అంటే వినేవాడు బయట వుండిపోతాడు గదా! నేనూ మా పిల్లలూ యెక్కడికి పోవాలి?” అన్నారు. నవ్వుతూనే అన్నారు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఉర్దూలో ‘హమారా’ ఒక్కటే మాట. తెలుగులో దానికి రెండు మాటలు: మా, మన. ఉర్దూ కవి యేది అనుకున్నాడో కనుక్కోవాలంటే పాటంతా చూడాలి, పాట పుట్టిన కాలం చూడాలి.

పాట పుట్టింది 1904లో. ఇక్బాల్ గారు అప్పటికి ముప్పై యేళ్ళు నిండని యువకుడు, లాహోరు గవర్నమెంటు కాలేజీలో అధ్యాపకుడు. ఆ యేడు ఆగస్టు 16న ‘ఇత్తెహాద్’ అనే వారపత్రికలో యిది అచ్చయింది. ఇత్తెహాద్ అంటే ఐకమత్యం. లాలా హర్‌దయాళ్ గారు పిలిచిన సభలో ఇక్బాల్ గారు ఉపన్యాసానికి బదులు ఈ పాటే పాడినారని చెప్తారు. దేశం అప్పుడు తెల్లవారి చేతిలో వుంది. అంటే, చేతిలో లేని దేశాన్ని పట్టుకుని ‘హమారా’ అన్నాడాయన.

తొమ్మిది షేర్ల గజల్ యిది. మొదటి షేరులో రెండుసార్లు, తక్కినవాటిలో ఒక్కొక్కసారి, మొత్తం పది పాదాల చివర ‘హమారా’ వస్తుంది. మొదట తోట, తర్వాత హిమాలయం, నదులు, గంగ వొడ్డున దిగిన బిడారు, చివరకు లోపలి బాధ, అన్నీ హమారాయే. హిమాలయాన్ని చెప్పే షేరులో మూడు మాటలు చూడండి. పర్బత్ సంస్కృతం నుంచి వచ్చింది, సంత్రీ యింగ్లీషు సెంట్రీ నుంచి వచ్చింది, పాస్‌బాన్ పార్శీ. మూడిళ్ళ మాటలు ఒకే కొండకు కాపలా కాస్తున్నాయి. ‘మా’ అని గిరి గీసుకునేవాడు ఇన్ని గుమ్మాలు తడతాడా?

ఇంకో మాట ‘ఘుర్బత్’. మన యిళ్ళలో అది పేదరికం. పాటలో మాత్రం పరాయిచోట వుండటం. గరీబ్ అనే అరబీ మాటకు అసలు అర్థం పరదేశి అనే. ఒంటి మీద యెక్కడ వున్నా మనసు సొంతవూళ్ళోనే వుంటుందని కవి భావం. గల్ఫు దేశాలలో పిల్లలున్న తల్లిదండ్రులకు దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆరో షేరులో మతాలు పగ నేర్పవని చెప్పి, వెంటనే మనమందరం హిందీలమని చెప్తాడు. ఇక్కడికి వచ్చేసరికి సందేహం తీరిపోయింది. ఇది ‘మన’. పండితులు గారే గెలిచినారు.

కొందరు మరో సంగతి యెత్తుతారు. 1905లో ఇక్బాల్ గారు యూరపు వెళ్ళి 1908లో తిరిగివచ్చినారు. 1910లో ‘తరానా-ఎ-మిల్లీ’ వ్రాసినారు. అదే ఛందస్సు, చివర అదే ‘హమారా’. అయితే అందులోని హమారా ప్రపంచ ముస్లిములది. తెలుగులో అయితే ‘మా’ అనే వ్రాయాలి. 1930 అలహాబాదు ఉపన్యాసం సంగతీ అందరికీ తెలుసు. దాచవలసింది లేదు. మనిషి మారినాడు. 1904 నాటి పాట మారలేదు. ఆయన 1938లో పోయినారు. పాట యిక్కడే వుండిపోయింది. గాంధీజీ యెరవాడ జైలులో దీన్ని పాడుకున్నారు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగ సభలో సుచేతా కృపలానీ గారు పాడినారు. 1984లో అంతరిక్షం నుంచి రాకేష్ శర్మ గారు ఈ మాటే అన్నారు.

మన ప్రాంతానికీ ఆ కవికీ సంబంధం లేకపోలేదు. 1910లో ఆయన హైదరాబాదు వచ్చినారు. కుతుబ్‌షాహీ సమాధులు చూసి ‘గోరిస్తాన్-ఎ-షాహీ’ వ్రాసినారు. మహారాజా కిషన్ ప్రసాద్ గారితో ఉత్తరాల స్నేహం చాలాకాలం నడిచింది. నశించిపోయిన రాజ్యాల తలపు ఆ కవితలోనూ వుంది, ఈ పాటలోనూ వుంది.

ఇక సంగీతం. ఈ ఛందస్సులో పాదం సరిగ్గా నడిమికి విరుగుతుంది. సగం పాడి, అడుగు వేసి, తక్కిన సగం పాడవచ్చు. అయినా మొదట్లో వున్న వరస నెమ్మదిగా, దిగులుగా వుండేదట. 1945లో బొంబాయిలో ప్రజా నాట్య సంఘం కోసం పండిట్ రవిశంకర్ గారు హుషారైన కొత్త వరస కట్టినారు. నేడు మన పిల్లలు పాడేది అదే. నెమ్మది వరస ఒంటరివాడి పాట, కొత్త వరస గుంపు పాట. కొత్త వరస వల్లనే ‘మన’ అన్న అర్థం వీధిలోకి వచ్చిందని మా అభిప్రాయం. కాని మూడు నాలుగు షేర్లే పాడి ఆపుతాము. తన దాచుకున్న బాధ యెవరికీ తెలియదని కవి చెప్పే చివరి షేరు యెవరూ పాడరు. హుషారు వరసలో అది యిమడదు.

మేము ‘మా’ అని యెందుకు వ్రాసినాము? భాష రాక కాదు. యెవరో యెదురుగా కూర్చుని ‘ఈ దేశం నీదేనా?’ అని అడుగుతున్నట్టు, మేము జవాబు చెప్పుకుంటున్నట్టు, మాకు తెలియకుండానే కలం అలా నడిచింది. చివరి షేరులోని బాధ బహుశా యిదే. కాని రుజువు చూపించుకునేవాడు ‘మా’ అంటాడు. యింట్లోవాడు ‘మన’ అంటాడు.

ఆగస్టు 15న దిద్దిన ప్రతి చదివినాము. తెలుగు మీడియం పిల్లలు కూడా గొంతు కలిపినారు. సభ్యులకు మా మనవి ఒక్కటే. ఇంట్లో పిల్లలకు తొమ్మిది షేర్లూ అర్థంతో చెప్పండి. తెలుగులో చెప్పేటప్పుడు మాత్రం ‘మన’ అనే చెప్పండి.