అమ్మేవాడి మౌనానికి వెల ఎవరు కట్టాలి?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో, మోసం అంటే ఏమిటో చెప్పే 17వ సెక్షన్ కింద ఒక గుర్రం ఉదాహరణ ఉంది. ఒకతను వేలంలో గుర్రాన్ని అమ్ముతాడు. అది ఆరోగ్యంగా లేదని అతనికి తెలుసు, కానీ కొనేవాడికి ఆ సంగతి చెప్పడు. ఇది మోసం కిందికి రాదంటుంది చట్టం. అక్కడే మరో సందర్భం ఇస్తుంది. నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటానని కొనేవాడు ముందే చెబుతాడు. అమ్మేవాడు పెదవి విప్పడు. ఈసారి ఆ మౌనం మాటతో సమానం. గుర్రాల కాలం పోయి కార్ల కాలం వచ్చినా తగువు మాత్రం మారలేదు. డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొని, నెల తిరక్కముందే ఇంజను విప్పించుకోవాల్సి వచ్చిన మనిషి అడిగేదీ ఇదే: ఇతనికి ముందే తెలుసా, తెలిస్తే ఎందుకు చెప్పలేదు? ఈ విషయంలో చట్టం నడిచివచ్చిన దారిని పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. లోపమున్న సరుకును తిప్పి ఇచ్చే హక్కు మనకు కొత్త కాదు. తెలిసిన లోపాన్ని అమ్మకానికి ముందే కాగితం మీద పెట్టే బాధ్యతే ఇప్పటికీ కొరవడింది.

ప్రాచీన ధర్మశాస్త్రాలు ఈ తగువుకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించాయి. కొన్నాక సరుకు నచ్చక తిరిగి ఇవ్వబోతే పుట్టే వివాదాన్ని నారదస్మృతి క్రీతానుశయం అంటుంది. సరుకును పరీక్షించుకోవడానికి అది గడువులు పెట్టింది: పాడి ఆవుకు మూడు రోజులు, బరువు మోసే పశువుకు ఐదు, రత్నాలకూ ముత్యాలకూ ఏడు, విత్తనాలకు పది. ఆవు పాడి నాలుగు పూటలు పితికితే తెలిసిపోతుంది, విత్తనం సంగతి మొలకెత్తితే గానీ తెలియదు. లోపం బయటపడటానికి పట్టే కాలమే ఈ గడువులకు కొలత అని వీటిని చూస్తే తోస్తుంది. పరీక్షించి, నచ్చి తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వకూడదని కొనేవాడికీ హద్దు గీసింది. అమ్మేవాడికి గీసిన హద్దు ఇంకా గట్టిది. మంచిది చూపించి లోపమున్నది అంటగడితే కొన్నవాడికి రెండింతల ధర ఇవ్వాలి, అంత మొత్తమూ దండుగగా కట్టాలి. యాజ్ఞవల్క్య స్మృతిలోనూ ఇలాంటి గడువులే ఉన్నాయి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. రోమ్‌లో సంతల మీద అజమాయిషీ చేసే అధికారులు కూడా పశువుల రోగాలను అమ్మేవాడే ముందు చెప్పాలని శాసించారు. చెప్పకపోతే ఆరు నెలల్లోగా సరుకు తిరిగి ఇచ్చేయవచ్చు. ఈ రెండు చోట్లా అదే జాబితాలో బానిసల అమ్మకాలూ ఉన్నాయి కాబట్టి ఆ కాలాన్ని ఆదర్శంగా ఎత్తుకోలేం. అయినా ఒక సంగతి రుజువవుతోంది: కొనేవాడే అన్నీ చూసుకోవాలన్నది సంత పుట్టినప్పటి నుంచీ ఉన్న సహజ న్యాయమేమీ కాదు.

ఆ సూత్రం ఆధునిక భారత చట్టంలోకి ఇంగ్లండు నుంచి వచ్చింది. 1603లో అక్కడ ఒక కంసాలి, విషానికి విరుగుడుగా పేరున్న గోరోచనం లాంటి రాయి అని చెప్పి ఒక రాయిని నూరు పౌన్లకు అమ్మాడు. అది అసలు రాయి కాదని తేలింది. అతను హామీ ఇవ్వలేదు, ఊరికే అలా అన్నాడంతే అని కోర్టు కొన్నవాడి దావా కొట్టేసింది. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత, 1893లో, ఇంగ్లండు సరుకుల విక్రయ చట్టం చేసి ఈ కరకుదనాన్ని కొంత తగ్గించింది. దాని అచ్చులోనే 1930లో మన సరుకుల విక్రయ చట్టం వచ్చింది. దాని 16వ సెక్షన్ మొదట కొనేవాడి మీదే భారం వేసి, తర్వాత మినహాయింపులు ఇస్తుంది. ఆ రకం సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడి దగ్గర కొంటే, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి. కొనేవాడు పరీక్షించి ఉంటే మాత్రం, ఆ పరీక్షలో కనిపించాల్సిన లోపాలకు ఈ రక్షణ వర్తించదు. అయితే 62వ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఇలాంటి రక్షణలను పక్కన పెట్టేయవచ్చు. ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను అనే ఒక్క వాక్యం కింద సంతకం పెట్టిస్తే చాలు, డీలర్ ఆ సెక్షన్ వెనుక దాక్కోవడానికి చూస్తాడు. ఇంగ్లండు 1973లోనే వినియోగదారుల కొనుగోళ్లలో ఈ కిటుకు చెల్లదని చట్టం మార్చుకుంది.

మన దగ్గర ఆ లోటును పూడ్చడానికి 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. లోపం అన్న మాటకు ఈ చట్టాలు విశాలమైన అర్థం ఇచ్చాయి. నాణ్యతలో కొరత ఏదైనా, వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న గొప్పకు సరుకు సరితూగకపోయినా అది లోపమే. పాత సరుకును, బాగుచేయించిన సరుకును కొత్తదని నమ్మించి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి అని పేరుపెట్టి మరీ చెప్పాయి. ఇప్పుడు ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, ఘటన జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి. లోపం సరిచేయించమనో, డబ్బు తిరిగి ఇమ్మనో, పరిహారం కట్టమనో కమిషన్ ఆదేశించవచ్చు. హక్కు ఇంత బలంగా ఉన్నా ఫిర్యాదుదారు ఒక చోట చిక్కుకుంటాడు. లోపం అమ్మిన రోజునే ఉందని అతనే చూపించాలి. అప్పటికి కారు ఏదో ఒక షెడ్డులో విప్పి ఉంటుంది, డీలర్ అన్న మాటలు గాలికి పోయి ఉంటాయి.

ఇక్కడ డీలర్లు వేసే మొదటి ప్రశ్న న్యాయమైనదే. వాడిన బండి అరిగే ఉంటుంది, అందుకేగా ధర తగ్గించింది? ఇంగ్లండులో న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ విన్న రెండు కేసులు దీనికి చక్కగా జవాబిస్తాయి. రెండూ పాత జాగ్వార్ కార్ల గొడవలే. 1965 నాటి కేసులో క్లచ్‌కు చిన్న మరమ్మతు కావాలని డీలర్ ముందే చెప్పాడు, ఆ మేరకు ధర తగ్గించాడు. మరమ్మతు అనుకున్నదానికన్నా చాలా పెద్దదైంది. అయినా కొన్నవాడు ఓడిపోయాడు. 1975లో నివేదికలకెక్కిన రెండో కేసులో కారు వయసు ఎనిమిదేళ్లు, అప్పటికే 82 వేల మైళ్లు తిరిగింది. కొన్న మూడు వారాలకు, మరో రెండు వేల పైచిలుకు మైళ్లు నడిచాక, ఇంజను పట్టేసింది. అమ్మే నాటికే ఇంజను పని అయిపోయిందని పాత యజమాని సాక్ష్యం చెప్పాడు. ఈసారి కొన్నవాడు గెలిచాడు. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చెప్పిన లోపం ధరలో కలిసిపోతుంది, చెప్పని లోపం అమ్మినవాడి మెడకు చుట్టుకుంటుంది. నిజం చెప్పిన డీలర్‌ను న్యాయం కాపాడింది కాబట్టి, ముందే చెప్పాలన్న నియమం నిజాయతీపరుడికి శిక్ష కాదు, కవచం.

రెండో అభ్యంతరం వ్యాపార సంఘాలది. ఇంత బాధ్యత పెడితే ధరలు పెరుగుతాయి, వ్యాపారం కుంటుపడుతుంది అంటారు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్‌లోఫ్ 1970లో రాసిన వ్యాసం దీన్ని తలకిందులు చేసింది. బండి లోగుట్టు అమ్మేవాడికే తెలిసే సంతలో కొనేవాడు అన్నింటినీ అనుమానించి తక్కువ ధరే ఇస్తాడు, దాంతో మంచి బండ్ల యజమానులు సంతకు రావడం మానేస్తారు, చివరికి నాసిరకం మిగులుతుంది అని అందులో చూపించాడు. 2001లో నోబెల్ బహుమతి పంచుకోవడానికి దారితీసిన కృషి అదే. ఆయన దేశం మాత్రం ఆ పాఠాన్ని సగమే అమలు చేసింది. 1981లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, డీలర్లు తమకు తెలిసిన పెద్ద లోపాలను వెల్లడించాలని నియమం చేసింది. డీలర్ల ఒత్తిడి నడుమ 1982లో కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. అలా కొట్టేసే అధికారం కాంగ్రెస్‌కు లేదని మరుసటి ఏడాది సుప్రీంకోర్టు తేల్చినా, కమిషన్ 1984లో మళ్లీ తెచ్చిన నియమంలో లోపాల వెల్లడి లేదు. కిటికీకి అంటించే కాగితం మీద వారంటీ ఉందో లేదో చెబితే చాలునంది. ఏటా చదువులకు వెళ్లి అక్కడ పాత కారు కొనుక్కునే తెలుగు విద్యార్థులకు కనిపించేది ఆ సగం కాగితమే.

మనం ఆ సగానికైనా ఇటీవలే చేరడం మొదలుపెట్టాం. చాలాకాలం పాత కార్ల డీలర్ పేరు కాగితాల మీద ఎక్కడా కనిపించేది కాదు. యజమాని చేత 29, 30 నంబరు ఫారాల మీద ఖాళీ సంతకాలు తీసుకుని బండిని తన షెడ్డులో పెట్టుకునేవాడు. ఆర్సీ మాత్రం పాత యజమాని నుంచి నేరుగా కొత్త యజమానికి మారేది. గొడవ వస్తే తాను మధ్యవర్తినేనని తప్పుకునేవాడు. కేంద్రం 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అనుమతిపత్రం తీసుకోవాలంది. బండి తమ చేతికి వచ్చిందని తెలియజేయాలి, అప్పటి నుంచి డీలరే యజమానిగా లెక్క. బండి బయటికి వెళ్లిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి. ఇది పెద్ద అడుగే. కానీ ఆ నిబంధనల చూపంతా బండి ఎవరిది అన్నదాని మీదే, ఎలా ఉంది అన్నదాని మీద కాదు.

మెకానిక్‌ను వెంట తీసుకెళ్లవచ్చు కదా అన్నది ఆఖరి అభ్యంతరం. రోడ్ల మీద అంబాసిడర్, ఫియట్ లాంటి కొద్ది రకాలే ఉన్న రోజుల్లో వీధి చివరి మేస్త్రి చెవితోనే ఇంజను జాతకం చెప్పగలిగేవాడు. ఇవాళ మీటరు రీడింగును లాప్‌టాప్‌తో తగ్గిస్తే పైకి గుర్తు మిగలదు. 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ వరదల్లో మునిగిన కార్లలాంటివి శుభ్రం చేశాక కంటికి మామూలుగానే కనిపిస్తాయి, వైరింగులో తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. అరగంట పరీక్షలో దొరకని వాటిని కొనేవాడి నిర్లక్ష్యం ఖాతాలో వేయడం అన్యాయం. డీలర్‌కూ అన్నీ తెలియవన్నది నిజమే. తెలిసినవి రాయమనీ, సర్వీసు రికార్డు, బీమా క్లెయిములు చూశానో లేదో చెప్పమనీ అడగడంలో అతనికి కష్టమేముంది? అలాంటి నియమం వచ్చేదాకా కొనేవాళ్లు కాంట్రాక్టు చట్టం ఇచ్చిన ఆయుధాన్నే వాడాలి: ప్రమాదం, వరద, మీటరు, ఇంజను గురించి వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ముందే అడిగి, జవాబు భద్రం చేసుకోవాలి.

ఆ నియమానికి కొత్త చట్టం అక్కర్లేదు. డీలర్ అనుమతిపత్రాలకు ఇప్పటికే ఉన్న నిబంధనల్లో, అమ్మకం నాడు ఇద్దరూ సంతకం చేసే ఒక్క వెల్లడి పత్రాన్ని చేరిస్తే సరిపోతుంది. ఆ పత్రంలో రాసిన లోపానికి కొన్నవాడు బాధ్యుడు, తెలిసీ రాయనిదానికి అమ్మినవాడు బాధ్యుడు. నిజాయతీగా వ్యాపారం చేసే డీలర్లే ముందుగా అడగాల్సిన నియమమిది, ఎందుకంటే దాచి అమ్మేవాళ్లతో పోటీలో ఇప్పుడు నష్టపోతున్నది వాళ్లే.