బొంబాయి వాటాల వెర్రి

1861వ సంవత్సరమున అమెరికాలో అంతర్యుద్ధము రగుల్కొని, దక్షిణరాష్ట్రముల రేవులు దిగ్బంధమునకు లోనుకాగా, లాంకషైరు మిల్లులకు దూది కఱవై, ఇంగ్లండు దృష్టి యంతయు హిందూదేశపు పత్తిమీదికి మరలెను. మన కాకినాడ రేవుకూడ ఆ గిరాకివలన వృద్ధినొందినది. కాని ధనము వరదయై పాఱినది బొంబాయిలోనే.

ఆ సొమ్ము పెట్టెలలో నిలువలేదు. బ్యాంకులును, సముద్రమును పూడ్చి భూమి చేయుదుమను కంపెనీలును పుట్టగొడుగులవలె లేచెను. బ్యాక్‌బే కంపెనీవారి 5,000 రూపాయల వాటా, నేల యింకను నీటి క్రిందనుండగనే, 50,000 వఱకు ఎగబ్రాకెను. దలాలులలో మేటియైన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఏ వాటాను చేపట్టునో దానికై జనులు ఎగబడుచుండిరి.

దీనిని కేవలము లోభమని త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. మానవుడు లాభనష్టములను తానున్న స్థితినుండి కొలుచుకొనుననియు, లాభమునకంటె నష్టమునకే అధికముగ చలించుననియు కానెమన్, ట్వెర్‌స్కీ అను మనశ్శాస్త్రజ్ఞులు 1979లో నిరూపించిరి. నిన్నటి యైదువేలు నేడు పదివేలైనచో ఆ పదివేలే తన యాస్తియని నమ్మిన గృహస్థుని మనస్సు ఇందువలన తెలియుచున్నది. కాని యివి వ్యక్తుల పొరపాట్లు మాత్రమే యనియు, సరియైన ధర వేఱొకటి కలదనియు తలంచినచో కథలో సగమే తెలియును. నీటి క్రింది నేలకు సరియైన ధర యెవరు చెప్పగలరు? భవిష్యత్తు అజ్ఞేయమగుటచేతనే జనులు ఒకరి మొగము నొకరు చూచి ధర కట్టుదురని అర్థశాస్త్రజ్ఞుడు కీన్సు 1936లో చెప్పెను. మంచికాలము సాగినకొలది అప్పులు పెరిగి, ఆ స్థిరత్వమే అస్థిరతను కనునని తరువాత మఱొక అర్థశాస్త్రజ్ఞుడు మిన్‌స్కీ వివరించెను.

బొంబాయిలో జరిగినది సరిగా ఇదియే. 1863లో చట్టము మాఱి, వాటాలను కుదువబెట్టుకొని అప్పిచ్చు స్వేచ్ఛ బొంబాయి బ్యాంకునకు లభించెను. వాటా ధర పెరిగినకొలది కుదువ విలువ పెరిగి, అప్పు మఱింత దొరికి, ఆ యప్పే మరల వాటాలు కొనుటకు పోయినది. ధైర్యము ఋణమును, ఋణము ధైర్యమును పెంచినవి. మనస్సును చదివిన శాస్త్రమునకు ఈ ఖాతాపుస్తకము కావలెను. ఋణమును చదివిన శాస్త్రమునకు ఆ మనస్సు కావలెను.

1865 ఏప్రిలులో అమెరికా దక్షిణరాష్ట్రముల సేనాని లీ లొంగిపోయిన వార్తతో దూది ధర కూలెను. వాయిదా బేరములు తీర్పవలసిన జూలై 1వ తేదీకి ఇచ్చువాడు లేడు, పుచ్చుకొనువాడు లేడు. కుదువ వాటాలు చిత్తుకాగితములై, 1868లో ఆ బొంబాయి బ్యాంకు మూతపడెను; ఆ యేడే దాని స్థానమున క్రొత్త బ్యాంకు తెఱవబడెను.